రాని గాలి

పోర్త్ దవార్ఖ్ ఇసుకలో గేటూ లేదు, టికెట్టూ లేదు.
ఇవాళ దిగొద్దని చెప్పే ఉద్యోగం
ఆంగ్లెసీ దీవిలో ఎవరికీ ఇవ్వలేదు.
ఆ పని ఈ పూటకి నామీద పడింది.

నలుగురం. నాలుగు కయాక్‌లు.
ఎలెరి, గెథిన్, పంతొమ్మిదేళ్ళ కై, నేను.
కై డ్రైసూట్ జిప్పు సగంలో ఇరుక్కుంది.
కొవ్వొత్తి ముక్కతో రుద్ది రుద్ది ఎలెరి లాగేసరికి
నలభై నిమిషాలు.
నవ్వుకున్నాం కూడా.
ఆ నలభై నిమిషాలూ ఎక్కడికీ పోలేదని,
తిరిగొచ్చే వేళకి పెన్రిన్ మౌర్ కొమ్ము దగ్గర
మాకోసం కాచుక్కూచుంటాయని
డెక్కు మీద మైనపు పెన్సిల్‌తో రాసుకున్న అంకెలు
మళ్ళీ చూసుకున్నాకగానీ తట్టలేదు.

పోటు ఉత్తరానికి. పాటు దక్షిణానికి.
ఈ రెండు మాటలూ ఇక్కడెవరికీ తెలియవు.
తెడ్డు వేస్తూ లోలోపల అనుకుంటాను,
కుడికి పోటు, ఎడమకి పాటు.

వెళ్ళేటప్పుడు నైరుతి గాలీ పోటూ
ఒకే సంతకి పోతున్న ఇరుగుపొరుగుల్లా నడుస్తాయి.
నీళ్ళు ఇస్త్రీ చేసినట్టుంటాయి.
వచ్చేటప్పుడు పాటు ఇటు, గాలి అటు,
ఇద్దరూ కలిసి ఇల్లు పీకి పందిరేస్తారు.
మధ్యాహ్నానికి గాలి అయిదంటోంది రేడియో.
ఇప్పుడు మూడైనా లేదు.

కొమ్ము ముందు తెడ్డు అడ్డం పెట్టాను.
"వెనక్కి" అన్నాను.

"అద్దంలా ఉంది కదా!" అన్నాడు కై.
ఉంది. నా భయమూ అదే.
"నా ప్రాణం సువర్చలా, నా ఇష్టం."

ఆ మాట నేనూ అన్నదే.
పోయిన అక్టోబరులో ఒక్కదాన్నే ఈ కొమ్ము దాటి
బోల్తా పడ్డాను.
రెండుసార్లు లేవబోయి మునిగాను.
మూడోసారి ఏ అల భుజం పట్టి లేపిందో!
మర్నాడు బాంగర్ ఆసుపత్రి ల్యాబులో
రక్తం సీసాల మధ్య నిలబడి
"రోల్ చేసి లేచా" అని చెప్పుకున్నాను.
అలకి రావలసిన పేరు నా ఖాతాలో రాసుకున్నాను.
అప్పట్నుంచీ నాకు వచ్చిందెంతో, దొరికిందెంతో
లెక్క తేలడం లేదు.

ఇదంతా కైకి చెప్పేంత తీరిక లేదక్కడ.
ఇంతే అన్నాను:
నువ్వు పడితే నేనొస్తాను, చూస్తూ ఊరుకోలేను.
నేను పడితే ఎలెరి వస్తుంది.
ఆ తర్వాత ట్రెయార్దర్‌లో ఎవరో ప్లంబరు
సగం బిగించిన కొళాయి వదిలేసి
లైఫ్‌బోటు షెడ్డుకి పరిగెత్తుతాడు.
అతని పేరేంటో నీకు తెలుసా?
నాకూ తెలీదు.

కై ఏమీ అనలేదు. పడవ తిప్పాడు, విసురుగా.

కోస్ట్‌గార్డుకి చెప్పాను, నలుగురం ఒడ్డుకి చేరాం.
మంచిది అంది ఎవరో ఆడగొంతు.
నాకు దొరికిన రసీదు అదొక్కటే.

కారు పక్కన కూర్చుని ఓట్స్ బిళ్ళలు తిన్నాం.
రెండయింది. మూడయింది.
గాలి రాలేదు.
సౌత్ స్టాక్ వైపు నుంచి మూడు ఎర్ర కయాక్‌లు
చుక్కల్లా కనబడ్డాయి, తీరిగ్గా, ముచ్చట్లాడుకుంటూ.
కై వాళ్ళని చూశాడు. తర్వాత నన్ను.

అప్పుడు, ఒక్క క్షణం,
గాలి రావాలని కోరుకున్నాను.
వాళ్ళింకా నీళ్ళమీద ఉండగానే.

అక్టోబరులో తలకిందులుగా ఉన్నప్పుడు కూడా
నాకంత చలి వెయ్యలేదు.

వాళ్ళు దిగారు. జుట్టైనా తడవలేదు.
పడవలు ఎత్తుకోవడానికి ఓ చెయ్యి వేశాను.
ఎందుకో వాళ్ళకి తెలీదు.

డెక్కు మీద అంకెలు బొటనవేలితో రుద్దాను.
మైనం, ఓ పట్టాన పోదు.
నా కయాక్ రెండో కొస పట్టుకుని కై
కారు పైకెత్తాడు.
"వచ్చే ఆదివారం ఎన్నింటికి?"
మొహం అటు తిప్పుకునే అడిగాడు.

"జిప్పుకి ఇంటి దగ్గరే మైనం రాసుకుని రా" అన్నాను.